సారు ముందుకు ఏ ముఖంతో వెళ్లను?

ప్రశ్న: అమ్మా, మా పుట్టిల్లు దేవరకొండ దగ్గర ఒక పల్లె. పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నాం. పాప తొమ్మిదో తరగతి, బాబుకు ఆరేళ్లు. మొన్న సంక్రాంతి సెలవులకు అత్తగారి ఊరు వెళ్లాం. భోగి ముందు రోజు వాకిట్లో కట్టెల పొయ్యి మీద మురుకులు కాలుస్తుంటే, బాబు గాలిపటం వెంట పరుగెత్తుకుంటూ వచ్చి మూకుడుకు తగిలాడు. కాగిన నూనె వాడి ఎడమ చేతి మీద పడింది. అత్తమ్మ టూత్‌పేస్ట్ కోసం లోపలికి ఉరికింది. ఎవరో పసుపు అన్నారు. నేను మాత్రం వాణ్ని ఎత్తుకుని నల్లా దగ్గరకు పోయి, చేయి నీళ్ల కింద పెట్టి ఇరవై నిమిషాలు కదలనివ్వలేదు. "నీళ్లు పోస్తే బొబ్బలెక్కుతయ్" అని అందరూ నా మీద అరిచారు. తర్వాత దవాఖానకు తీసుకెళితే, నీళ్లు పోసి మంచి పని చేశావమ్మా అన్నారు డాక్టర్. ఇప్పుడు తగ్గింది. మోచేతి కింద చిన్న మచ్చ మిగిలింది.

ఆ నీళ్ల సంగతి నాకు చెప్పింది మా సైన్స్ సారు. నేను 2005లో పది పాసయ్యాను. ఆయన క్లాసులో బకెట్ పెట్టి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో, పళ్లు, ఎముకలు పాడుచేసే ఫ్లోరైడ్ నీళ్లు ఎలా బాగుచేస్తారో చేసి చూపించారు. పానగల్ ఛాయా సోమేశ్వర గుడికి తీసుకెళ్లి, రోజంతా లింగం వెనక ఉండే నీడ ఎటునుంచి పడుతోందో మీరే చెప్పండి అని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. ఇంటర్ అయ్యాక నాకు పెళ్లి చేస్తున్నారని తెలిసి, డిగ్రీ చదివించమని మా నాయినను అడగడానికి ఇంటికొచ్చారు. నాయిన ఆయన్ను కూర్చోమని కూడా అనకుండా వాకిట్లోనే నిలబెట్టి నానా మాటలన్నాడు. నేను తలుపు చాటున ఉన్నాను. బయటికి రాలేదు. సారు సైకిల్ ఎక్కి వెళ్లిపోయారు. మళ్లీ కలవలేదు. రిటైరై నల్లగొండలో ఉంటున్నారని ఈమధ్యే తెలిసింది. కలవాలని ఉంది గాని, ఏ ముఖంతో వెళ్లను? అసలు గుర్తుపడతారా? ఇంకోటి, అప్పటినుంచి అత్తమ్మ నాతో సరిగా మాట్లాడటం లేదు. "పొయ్యి కాడ పిల్లగాణ్ని వదిలింది తల్లే గదా" అని చుట్టాలతో అంటోందట. నాకూ అదే అనిపించి నిద్ర పట్టడం లేదు.
ఒక తల్లి, హైదరాబాద్

సమాధానం:

బిడ్డా, ముందు నీ నిద్ర సంగతి మాట్లాడుకుందాం. సారు దగ్గరకు తర్వాత వెళదాం.

ఆరేళ్ల పిల్లవాడు సంక్రాంతి సెలవుల్లో గాలిపటం వెంట పరుగెత్తకుండా ఎక్కడికి పోతాడు? వాడి కళ్లు ఆకాశంలో ఉంటాయి. కాళ్లు ఎక్కడ పడుతున్నాయో వాడికి తెలియదు. పొయ్యి వాకిట్లో ఉంది, పిల్లలూ వాకిట్లోనే ఉన్నారు, పెద్దవాళ్లు నలుగురైదుగురు చుట్టూ ఉండే ఉంటారు. పండగ ఇంట్లో ఎవరో ఒకరు చూస్తున్నారులే అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. అలా అనుకునే ఇంట్లోనే ఇలాంటివి జరుగుతాయి. తప్పు ఉంటే ఆ వాకిట్లో ఉన్న పెద్దలందరిదీ. మొత్తం నీ నెత్తిన వేసుకోకు. వచ్చే ఏడు మాత్రం పొయ్యిని గోడ మూలకు పెట్టించి, ముందు ఒక మంచం అడ్డంగా వేయించు. మూకుడు ఊగకుండా రాళ్లు సరిగా కుదిరాయో లేదో నూనె పోయకముందే చూసుకోండి. పిల్లల్ని చూసుకునే పని ఒక మనిషికి పేరుపెట్టి అప్పజెప్పండి. "నువ్వు మురుకుల దగ్గరకు రాకు, నీ పని పిల్లలే" అని చెప్పాలి. అందరి పని అంటే అది ఎవరి పనీ కాదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా ఇంట్లోనూ ఇదే జరిగింది. సకినాలు గుడ్డ మీద చుట్టి, కాస్త తడి ఆరాక నూనెలో వేస్తారు కదా. ఆ రోజు పొద్దుపోతోందని తడి ఆరకముందే వేశారు. సకినం పేలి నూనె చింది నా కుడి మణికట్టు మీద పడింది. మా నాయనమ్మ పరుగున వెళ్లి అన్న పెన్నులో పోసుకునే నీలి సిరా సీసా తెచ్చి ఒంపింది. అప్పట్లో కాలితే సిరానే మందు. చేయంతా నీలంగా అయిపోయింది. లోపల ఎంత కాలిందో డాక్టరుకు కూడా కనపడలేదు. చీము పట్టింది, చాలా రోజులు బడికి పోలేదు. రూపాయి బిళ్లంత మచ్చ ఇప్పటికీ ఉంది. నీ ఉత్తరంలో "మోచేతి కింద చిన్న మచ్చ" అన్న మాట దగ్గర నా చేయి నేను చూసుకున్నాను.

నువ్వు చేసిన పని ఎందుకు సరైందో ఈ ఉత్తరం చదివే మిగతా తల్లులకు కూడా చెప్పాలి. ఎందుకంటే "నీళ్లు పోస్తే బొబ్బలెక్కుతాయి" అన్న మాట మన ఇళ్లలో ఇంకా గట్టిగా ఉంది. నీళ్లు ఎంత మరిగినా 100 డిగ్రీల దగ్గర ఆగుతాయి. మురుకులు కాలే నూనె 170, 180 డిగ్రీలు ఉంటుంది, పైగా చర్మానికి అంటుకుని వదలదు. నూనె మీద పడ్డ క్షణంతో కాలడం ఆగిపోదు. ఆ వేడి చర్మంలో లోపలికి దిగుతూనే ఉంటుంది. దాన్ని బయటికి లాగేది పారే చల్లటి నీళ్లే. బొబ్బ వచ్చేది కాలినందుకు, నీళ్లు పోసినందుకు కాదు. ఇరవై నిమిషాలు పోయాలి, రెండు నిమిషాలకే చాల్లే అని ఆపకూడదు. వెంటనే పోయడం మేలు గాని, ఏ కారణం చేతైనా ఆలస్యమైతే మూడు గంటల లోపు పోసినా ఉపయోగం ఉంటుంది. ఐస్ పెట్టకూడదు, అది చర్మానికి ఇంకో దెబ్బ. చేతికి కడియం, గాజులు, దారాలు ఉంటే వాపు రాకముందే తీసేయాలి. బట్ట చర్మానికి అంటుకుపోతే మాత్రం లాగొద్దు. టూత్‌పేస్ట్, పసుపు, సిరా, వెన్న, ఏదీ రాయొద్దు. నీళ్లు పోశాక ఉతికిన పల్చటి బట్ట వదులుగా కప్పి దవాఖానకు తీసుకెళ్లాలి. దూది పెట్టొద్దు, పోగులు పుండుకు అంటుకుంటాయి. బొబ్బల్ని చిదమొద్దు. చిన్నపిల్లలైతే ఎంత కాలినా డాక్టరుకు చూపించాల్సిందే. ముఖం, చేతులు, పాదాలు, కీళ్ల దగ్గర కాలినా, అరచేతి కంటే ఎక్కువ మేర కాలినా పెద్దవాళ్లకూ అంతే. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి.

ఇంకొక్కటి. మూకుడులో నూనెకే మంట అంటుకుంటే నీళ్లు పోయొద్దు. నీళ్లు నూనె కంటే బరువు, అడుగుకు పోతాయి. అక్కడ ఒక్క క్షణంలో ఆవిరై, 1,600 రెట్లకు పైగా ఉబ్బి, మండే నూనెను మనిషి మీదకు విసిరికొడతాయి. గ్యాస్ కట్టేసి, మూత వేసి, చల్లారేదాకా తీయకుండా ఉంటే చాలు. చేతికి నీళ్లు, మూకుడుకు మూత. ఈ రెండూ పిల్లల చేత కూడా అనిపించండి.

ఇక మీ అత్తమ్మ. నీకు కోపం ఉంది, ఉంటుంది. కానీ ఆమె వైపు నుంచి ఒకసారి ఆలోచించు. ఆమె ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగి ఉంటే, చిన్నప్పుడు నీళ్లు ఎక్కడినుంచి తెచ్చి ఉంటుంది? దేవరకొండ, మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో మంచినీళ్ల బిందె కోసం ఆడవాళ్లు ఎంత దూరం నడిచారో నువ్వు కూడా చిన్నప్పుడు కొంత చూసే ఉంటావు. బోరు వేస్తే ఫ్లోరైడ్ నీళ్లు, బావులేమో ఎండాకాలం అడుగంటేవి. అలాంటి ఇంట్లో, కాలిన చేతి మీద ఇరవై నిమిషాలు నీళ్లు వదలండి అని ఎవరైనా చెప్పినా ఎవరు వదులుతారు? అన్ని నీళ్లంటే ఇంటిల్లిపాదికీ రెండు పూటలు సరిపోతాయి. నాకనిపిస్తుంది, సిరా, పసుపు, ఆలుగడ్డ తురుము, ఇవన్నీ నీళ్లు లేని ఇళ్ల మందులు. చారెడు చాలు, ఇంట్లోనే దొరుకుతాయి. మిషన్ భగీరథ మొదలైంది 2016లో. నల్లా ఇంటి ముందుకు వచ్చి కొన్నేళ్లే అయింది. డెబ్బై ఏళ్ల అలవాటు అంత తొందరగా చేతుల్లోంచి పోదు. ఆమె టూత్‌పేస్ట్ కోసం ఉరికింది కూడా మనవడి కోసమే కదా. అందరి ముందు నువ్వు ఆమె చేయి తోసేసి ఉంటావు. అది తప్పు కాదు, ఆ క్షణంలో అదే చేయాలి. కానీ డాక్టరు మాట ఇంటికొచ్చి ఎవరైనా నలుగురిలో చెప్పి ఉంటే, ఆమెకు అది అవమానంలా తగిలి ఉంటుంది. చుట్టాలతో అంటున్న మాట ఆ నొప్పిలోంచి వస్తోందేమో.

కాబట్టి ఎవరు కరెక్టో తేల్చే మాటలు ఇక ఎత్తకు. ఫోన్‌లో కూడా వద్దు. ఈసారి ఊరెళ్లినప్పుడు ఆమె ఒక్కతే ఉన్నప్పుడు పక్కన కూర్చుని, చిన్నప్పుడు నీళ్లెట్ల తెచ్చుకునేవాళ్లు అత్తమ్మా అని అడుగు. చెప్పనివ్వు, చాలాసేపు చెబుతుంది. ఆ తర్వాత, "ఆ రోజు నాకూ భయమేసింది అత్తమ్మా, అందుకే అట్ల లాక్కుపోయిన" అను. అంతకు మించి ఏమీ అనకు.

ఇప్పుడు సారు దగ్గరకు.

నేను 29 ఏళ్లు పాలమూరు జిల్లాలో సర్కారు బడిలో తెలుగు చెప్పాను. అందుకే నీ ఉత్తరం చదువుతుంటే నేను తలుపు చాటున నిలబడలేదు, వాకిట్లో నిలబడ్డాను. మీ సారు నిలబడ్డ చోట నేనూ నిలబడ్డాను బిడ్డా. మా దగ్గర దసరా సెలవులంటే టీచర్లకు గుబులు. సెలవులకు ముందు తొమ్మిదో తరగతిలో నలభై మంది ఉంటే, సెలవుల తర్వాత హాజరు పిలిచేటప్పుడు కొన్ని పేర్లకు జవాబు వచ్చేది కాదు. తల్లిదండ్రులు పనుల కోసం బొంబాయి వైపో ఇంకెటో వలస వెళుతూ పిల్లల్ని కూడా తీసుకుపోయేవాళ్లు. ఒక ఏడు, నల్లమల అంచున ఉన్న ఊళ్లో, పద్యం చదివితే క్లాసంతా నిశ్శబ్దమైపోయే ఒక పిల్ల ఉండేది. వాళ్లు కూడా పోతున్నారని తెలిసి సెలవుల్లోనే వాళ్లింటికి వెళ్లాను. మూటలు కట్టి ఉన్నాయి. పిల్లను మా ఇంట్లో ఉంచుకుంటాను, పది అయ్యేదాకా ఉండనివ్వండి అన్నాను. ఆ తండ్రి, "మా పొయ్యి సంగతి నీకేం తెలుసు టీచరమ్మా, పో" అన్నాడు. ఆ పిల్ల చిన్న తమ్ముణ్ని చంకనేసుకుని గడప దగ్గర నేల చూపులు చూస్తూ నిలబడింది. ఒక్క మాట అనలేదు.

నీకు నేను చెప్పగలిగిన మాట ఇదే. ఆ పిల్ల మీద నాకు ఒక్క క్షణం కూడా కోపం రాలేదు. ఆ తండ్రి మీద వచ్చింది, అదీ సగం దారిలోనే పోయింది. ఆయన అప్పులు ఆయనకున్నాయి. కానీ ఆ పిల్ల ఎక్కడ ఉందో, ఎలా ఉందో ఇప్పటికీ నాకు తెలియదు. అది మాత్రం పోలేదు. ఏ పెళ్లిలోనైనా, బస్టాండులోనైనా ఆ వయసు ఆడమనిషి కనిపిస్తే ఒకసారి ముఖంలోకి చూస్తాను. ఎందుకు మాట్లాడలేదు అని అడగాలని కాదు. బాగున్నావా అని అడగాలని.

పద్దెనిమిదేళ్ల పిల్ల తండ్రి ఎదురుగా వచ్చి సారు తరఫున మాట్లాడాలని ఏ టీచరూ అనుకోడు. నువ్వు బయటికొచ్చి మాట్లాడి ఉంటే ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరిగేదో నీకంటే ముందు ఆయనకే తెలుసు. సైకిల్ ఎక్కి వెళుతూ ఆయన నీ గురించి దిగులుపడి ఉంటారు, అంతే. ఏళ్ల తరబడి నువ్వు సిగ్గుతో వెళ్లలేదు. ఆయన మాత్రం, ఆ పిల్ల ఏమైందో అనుకుంటూ ఉండి ఉండొచ్చు. ఈ రెండూ ఎదురెదురుగా ఇన్నేళ్లు ఉండిపోవడం నాకు బాధగా ఉంది.

గుర్తుపడతారా అన్నావు. పేరు చెప్పగానే గుర్తుపట్టకపోవచ్చు, దానికి నువ్వు సిద్ధపడి వెళ్లు. ప్రతి ఏడూ కొత్త ముఖాలు, పైగా నువ్వు అప్పుడు రెండు జడల పిల్లవు. నాకు పేర్లు పోతాయి గాని చేతిరాత చూపిస్తే మనిషి గుర్తొస్తుంది. సైన్స్ సారుకు ప్రయోగం చెబితే గుర్తొస్తుందేమో. అందుకే "నేను ఫలానా" అని ఆగిపోకు. "2005 బ్యాచ్ సారు, మీరు బకెట్‌లో పటిక వేసి కలిపినప్పుడు నీళ్లలో తెల్లగా తుంపులు తుంపులుగా వచ్చి అడుగుకు దిగాయి, ఆ బకెట్ మోసింది మేమే" అని చెప్పు. ఆ పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరు. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ తయారుచేసింది. మీ జిల్లా పేరు ప్రపంచమంతా పుస్తకాల్లో అలా ఎక్కింది. ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగి గారపళ్లతో, వంగిన కాళ్లతో బడికొచ్చే పిల్లల మధ్య నిలబడి ఆ పాఠం చెప్పడం అంటే మామూలు పాఠం కాదు. అది పరీక్షలో రాసే జవాబు అయి ఉండదు ఆయనకు. మీ ఇళ్లకు చేరాలని చెప్పి ఉంటారు. నిన్ను నల్లా దగ్గరకు పరుగెత్తించిన మాట కూడా అలా చెప్పిందే అయి ఉంటుంది.

ఈ రోజుల్లో పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు చాలా జరుగుతున్నాయి. అవి మంచివే. నాకు కప్పిన శాలువాలన్నీ మడతపెట్టి దాచుకున్నాను. కానీ స్టేజీ మీద ఒక్కొక్కరికి రెండు నిమిషాలే దొరుకుతాయి, మైకులో "మా సారు గొప్పవారు" అనడం తప్ప ఇంకేం చెప్పడానికి వీలుండదు. నువ్వు చెప్పాల్సింది అక్కడ చెప్పేది కాదు. సమ్మేళనం కోసం ఆగకు, ఇంటికే వెళ్లు. సెప్టెంబర్ 5 కోసం కూడా ఆగకు. పెద్ద వయసు మనుషుల విషయంలో వాయిదాలు వద్దు.

అడ్రసు, ఫోన్ నంబరు మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో దొరక్కపోతే పాత బడిలో ఇప్పుడున్న హెడ్‌మాస్టరును అడుగు. లేదంటే నల్లగొండలో రిటైర్డ్ టీచర్లు ఒకరికొకరు తెలిసే ఉంటారు, ఒక్కరిని పట్టుకుంటే చాలు. ముందుగా ఫోన్ చేసి ఇంట్లోవాళ్లతో మాట్లాడు. ఆరోగ్యం ఎలా ఉందో, ఏ పూట వీలవుతుందో కనుక్కో. పది, పదకొండు గంటల మధ్య అయితే బాగుంటుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత మా వయసు వాళ్లకు కునుకు పడుతుంది. ఖరీదైన వస్తువులు వద్దు. మీ అత్తమ్మ చేసిన మురుకులు ఒక డబ్బాలో పెట్టి తీసుకెళ్లు. ఆమెనే అడిగి చేయించు, ఎవరికోసమో కూడా చెప్పు.

మీ నాయిన మాట ఎత్తాలా వద్దా అని నీకు సందేహం ఉంటుంది. ఎత్తు, కానీ ఒక్క మాటతో ముగించు. "ఆ రోజు మిమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు సారు, నేను లోపలే ఉన్నాను" అను. ఆయన ఏమన్నా, ఏమీ అనకపోయినా ఆ మాట అక్కడితో వదిలెయ్. మీ నాయినను తిట్టి ఆయన్ను పొగడొద్దు. ఏ టీచరూ దాన్ని సంతోషంగా వినలేడు. నీకు ఏడుపొస్తే ఏడువు, దానికేం కాదు.

పిల్లలిద్దరినీ వెంట తీసుకెళ్లు. తొమ్మిదో తరగతి చదివే పాపను మరీ ముఖ్యంగా. డిగ్రీ సంగతి ఆయన మనసులో ఇంకా ఉంటే, దానికి జవాబు నువ్వు చెప్పక్కర్లేదు, ఆ పిల్ల పక్కన కూర్చుంటే చాలు. నీకు కూడా చదవాలని ఉంటే ఓపెన్ యూనివర్సిటీ ఉంది, అది వేరే ఉత్తరంలో మాట్లాడుకుందాం. వచ్చేటప్పుడు పానగల్ కూడా వెళ్లండి, నల్లగొండకు ఆనుకునే ఉంది. మీ పాపను కూడా ఆ నీడ ముందు కూర్చోబెట్టి, ఎటునుంచి పడుతోందో నువ్వే చెప్పు అను. జవాబు మీ సారు అప్పుడు మీకు చెప్పారో లేదో నువ్వు రాయలేదు. చెప్పకపోతే, నువ్వూ చెప్పకు. చూడనివ్వు.

ఇక ఆ నల్లా దగ్గరి ఇరవై నిమిషాల సంగతి. అది అన్నిటికంటే ముందు, కూర్చోగానే చెప్పు. చుట్టూ ఎవరెవరు అరిచారో, బాబు ఎంత ఏడ్చాడో, ఆయన గొంతు నీకు ఎలా వినిపించిందో అన్నీ చెప్పు. ఆయనకు ఇదంతా వినాలని ఉంటుంది గాని, అంతకంటే ఆ చేతిని కళ్లతో చూడాలని ఉంటుంది. బాబుకు ఆ రోజు పొట్టి చేతుల చొక్కా వెయ్యి.